‘ముతజావిరాత్’: ఒక ఖుర్ఆన్ పదం, పొరుగు హక్కు

దివ్య ఖుర్ఆన్ 13వ సూరా ‘అర్రఅద్’ నాలుగవ ఆయతులో భూఖండాలకు ‘ముతజావిరాత్’ అనే విశేషణం వచ్చింది. ఒకదానినొకటి ఆనుకొని ఉన్న నేలలు, ద్రాక్షతోటలు, పైరులు, ఖర్జూర వృక్షాలు ఒకే నీటితో తడిసినా వాటి ఫలాలలో హెచ్చుతగ్గులు ఉంటాయనీ, ఆలోచించేవారికి అందులో నిదర్శనాలున్నాయనీ ఆ ఆయతు భావం. ఈ పదాన్ని ‘ప్రక్కప్రక్కన ఉన్న’ అని తెలుగు చేస్తే తప్పు కాదు. కాని పదంలోని సగం అర్థం వెలుపలే నిలిచిపోతుంది.

నల్లమల అంచున, మార్కాపురానికి ఉత్తరంగా ఉన్న పుల్లలచెరువు వంటి మెట్ట ప్రాంతపు రైతుకు ఈ ఆయతు కంటి ఎదుటి విషయం. రెండు చేలపై ఒకే వాన కురుస్తుంది. గట్టుకు ఇవతల ఎర్రనేల అయితే తేమ త్వరగా ఆరిపోతుంది. అవతల నల్లరేగడి అయితే చాలా దినాలు నిలుస్తుంది. ఒకచోట కంది నిలద్రొక్కుకొంటుంది, మరొకచోట వాడిపోతుంది. ఫ్లోరైడు బాధ గల ఈ పశ్చిమ ప్రకాశంలో ఒక బోరు నీరు త్రాగటానికి పనికివచ్చినా, దాపునే ఉన్న బోరు నీరు పనికిరాకపోవచ్చు. సామీప్యం ఒకటే, ప్రాప్తం వేరు.

ఇక పదనిర్మాణం చూద్దాం. దీని ధాతువు జీమ్, వావ్, రే. ‘జార్’ అంటే పొరుగువాడు. ‘ముతజావిర్’ అన్నది పరస్పరతను తెలిపే ‘తఫాఉల్’ రూపం. ఖుర్ఆన్ పదాలకు నిఘంటువు కూర్చిన ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ ‘జార్’ అనేది సోదరుడు, మిత్రుడు వంటి సంబంధవాచకమని వివరించారు. ఇతడు అతనికి పొరుగువాడైతే, అతడూ ఇతనికి పొరుగువాడే. రెండు రాళ్ళు ప్రక్కప్రక్కన ఊరక పడి ఉండవచ్చు; పొరుగు మాత్రం ఇరువైపులా ఉంటేనే పొరుగు.

ఈ ధాతువు నుండే శరణు అనే అర్థమూ పుట్టింది. శరణు కోరిన బహుదైవారాధకునికి అభయమిచ్చి, అతనిని సురక్షిత స్థలానికి చేర్చమని తౌబా సూరా ఆరవ ఆయతు ఆదేశించింది. అక్కడ వాడిన క్రియ ఈ కుటుంబానిదే. మక్కాలో కాబా సమీపాన నివసించినందుకే వ్యాఖ్యాత జమఖ్షరీకి ‘జారుల్లాహ్’ అనే బిరుదు కలిగింది. మన గ్రామాలలో దర్గాను కనిపెట్టుకొని ఉండే ‘ముజావరు’ పేరు కూడా ఇదే. మరొక ప్రక్క, దారి తప్పటాన్నీ అన్యాయాన్నీ తెలిపే ‘జౌర్’ కూడా ఈ మూడక్షరాలదే.

నిసా సూరా 36వ ఆయతు బంధువైన పొరుగువానితో పాటు బంధుత్వం లేని పొరుగువానినీ పేర్కొన్నది. ఈ రెండవవాడు ముస్లిమేతరుడు కూడా కావచ్చునని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినపుడు, యూదుడైన పొరుగువానికి పంపారా అని ఆయన మరీ మరీ అడిగినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఫిఖ్‌హ్‌లో ఇది ‘షుఫా’గా, అంటే స్థిరాస్తిని కొనుటలో ముందు హక్కుగా రూపొందింది. హనఫీ మతంలో ఆనుకొని ఉన్న పొరుగువానికీ ఈ హక్కు ఉంది. షాఫయీ మతంలో ఆస్తిలో భాగస్వామికే ఉంది. 1870లో మద్రాసు హైకోర్టు షుఫాను చట్టంగా అంగీకరించలేదు. కేవలం పొరుగు కారణంగా కోరే హక్కు రాజ్యాంగరీత్యా చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కనుక నేడు న్యాయస్థానం ఆ హక్కును ఇప్పించదు. అయినా చేను అమ్మదలచినవాడు గట్టు అవతలి రైతును ముందుగా అడగటాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. తన బోరులో మంచినీరు పడినవాడు ప్రక్కింటికి రెండు బిందెలు ఇవ్వటానికీ ఏ తీర్పూ అడ్డు కాదు. ‘ముతజావిరాత్’ను ‘ఒకదానికొకటి పొరుగైన’ అని తెలుగు చేసినపుడు ఈ బాధ్యత కూడా పాఠకునికి వినబడుతుంది. ఫలాలు వేరైనా నీరు ఒకటే. దానిని కురిపించినవాడూ ఒక్కడే.