ఎల్ఫ్ ఇచ్చే ఒక్క మానా ఖరీదెంత?

ఎల్లారెడ్డిపేట మండలంలో పాడి బర్రెను కొనబోయే రైతు అమ్మేవాణ్ని కొన్ని ప్రశ్నలు అడక్కుండా బేరానికి దిగడు. ఎన్నో ఈత? ఈని ఎన్నాళ్లయింది? పూటకు ఎన్ని లీటర్లు? ఎన్ని నెలలకు ఒట్టిపోతుంది, మళ్లీ ఎప్పుడు చూడి కడుతుంది? రేపు పాలు మానేస్తే దానికి పలికే ధరెంత? లీటర్ల లెక్క ఒక్కటే చూసి డబ్బులు చేతిలో పెట్టేవాళ్లు తక్కువ. ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పటిదాకా ఇస్తుందన్నదీ, ఇవ్వని రోజుల్లో అయ్యే ఖర్చూ, రోగమొస్తే కలిగే నష్టమూ అన్నీ కలిస్తేనే ధర తేలుతుంది. ఒక కార్డుల ఆటలో మానా అనే శక్తిని ఇచ్చే జీవి కార్డుకు విలువ కట్టేవాళ్లు అడిగేవీ ఇవే ప్రశ్నలు.

ఆ ఆట పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా, అమెరికాకు చెందిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993లో దాన్ని విడుదల చేసింది. కార్డులు కొని, మార్చుకుని, పోగుచేసుకుని ఆడే ఆటలన్నిటికీ దారి వేసింది ఇదే. పత్తాలాటలో అందరూ ఒకే 52 కార్డుల కట్టతో ఆడతారు. ఇక్కడ ఎవరి డెక్ (కార్డుల కట్ట) వాళ్లే కట్టుకుని వస్తారు. డెక్‌లో కనీసం 60 కార్డులుండాలి. మామూలు ల్యాండ్ కార్డులు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించి ఉండకూడదు. ఇప్పుడు దీన్ని ఫోన్‌లోనూ ఆడుకోవచ్చు.

ఈ ఆటలో దాదాపు ఏ కార్డు ప్రయోగించాలన్నా మానా ఖర్చవుతుంది. మానా ముఖ్యంగా ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది. చేతిలో ఎన్ని ల్యాండ్లున్నా వంతుకు ఒక్కటే బల్ల మీద పెట్టాలి. అందుకే మొదటి వంతులో 1 మానా, రెండో వంతులో 2, మూడో వంతులో 3. ఇద్దరు ఆటగాళ్లూ ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు ఎక్కుతూ పోతారు. ఆ మెట్టు దాటించేదే మానా ఇచ్చే జీవి.

మొదటి సంపుటి నుంచీ ఉన్న 'లానవార్ ఎల్వ్స్' కార్డునే తీసుకుందాం. ఖర్చు ఒక్క ఆకుపచ్చ మానా. బలం (కొట్టే దెబ్బ) 1, ఓర్పు (తట్టుకునే దెబ్బ) 1. దాన్ని అడ్డంగా తిప్పితే ఒక ఆకుపచ్చ మానా ఇస్తుంది. వచ్చిన వంతులో మాత్రం ఇవ్వదు, మరుసటి వంతు దాకా ఆగాలి. మొదటి వంతులో ఒక ల్యాండ్ పెట్టి, ఎల్ఫ్‌ను దింపామనుకోండి. రెండో వంతులో రెండు ల్యాండ్లు, ఒక ఎల్ఫ్, మొత్తం 3 మానా. మూడో వంతులో 4, నాలుగో వంతులో 5. ఎల్ఫ్ లేకపోతే నాలుగు వంతుల్లో చేతికొచ్చేది 10 మానా. ఎల్ఫ్ ఉంటే 13, దాన్ని దింపడానికి పెట్టిన ఒకటి తీసేస్తే 12. పెట్టుబడి రెండో వంతుకే తిరిగొచ్చింది, ఆపైన వంతుకొకటి లాభం.

అయితే ఈ లాభం డెక్‌లో మిగతా కార్డులను బట్టి ఉంటుంది. రెండో వంతులో 3 మానా వచ్చినప్పుడు 3 మానా ఖరీదు చేసే మంచి కార్డు చేతిలో లేకపోతే ఆ అదనపు మానా వృథా. రెండు మానా ఖర్చయ్యే జీవి అయితే లెక్క మారుతుంది. అది రెండో వంతులో దిగి, మూడో వంతులో 4 మానా చూపిస్తుంది. అలాంటి డెక్‌లో నాలుగు మానా కార్డులు ఎక్కువ ఉండాలి. కొత్త ఆటగాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మానా ఇచ్చే జీవిని విడిగా చూసి బాగుంది, బాగాలేదు అనేస్తారు. అది ఏ కార్డును ఒక వంతు ముందుకు తెస్తుందో చూడకుండా దాని విలువ చెప్పడం కుదరదు.

కాలం ఇంకో పెద్ద విషయం. మొదటి వంతులో దిగిన ఎల్ఫ్ బంగారం. అదే కార్డు ఎనిమిదో వంతులో చేతికొస్తే, అప్పటికే ఎనిమిది ల్యాండ్లున్నవాడికి తొమ్మిదో మానాతో పనేముంది? బలం 1, ఓర్పు 1 ఉన్న జీవి అప్పటి యుద్ధంలో నిలబడదు. కాబట్టి మానా అక్కర్లేకపోయాక ఆ కార్డు ఇంకేం చేయగలదన్నది విలువలో సగం. 2009లో వచ్చిన 'నోబుల్ హైరార్క్' సంగతి చూడండి. అది ఆకుపచ్చ, తెలుపు, నీలం మానాల్లో ఏదైనా ఇస్తుంది. పైగా మనవైపు ఒకే జీవి దాడికి వెళ్తే దాని బలాన్నీ ఓర్పునూ ఒక్కొక్కటి పెంచుతుంది. ఆట ముదిరాక కూడా దానికి పని ఉంటుంది.

ఈ దారిలో హద్దు దాటిన కార్డు 2012 నాటి 'డెత్‌రైట్ షామన్'. ఖర్చు ఒక్క మానా. వాడిపడేసిన కార్డుల గుట్టలో ల్యాండ్ ఉంటే దాన్ని ఆట నుంచి తీసేసి ఏ రంగు మానా అయినా ఇస్తుంది. గుట్టలో మంత్రం కార్డు ఉంటే దాన్ని తీసేసి ఎదుటివాడి ప్రాణంలో 2 తగ్గిస్తుంది, జీవి కార్డు ఉంటే దాన్ని తీసేసి మనకు 2 పెంచుతుంది. తొలి వంతుల్లో మానా, చివరి వంతుల్లో ఆయుధం. ఏ వంతులో చేతికొచ్చినా పనికొచ్చే మానా జీవి ఎంత ప్రమాదమో ఈ కార్డు చూపింది. పోటీల్లో 'మోడర్న్' పద్ధతిలో 2014లోనూ, 'లెగసీ' పద్ధతిలో 2018లోనూ దాన్ని నిషేధించారు.

రంగుకు కూడా ఖరీదుంది. లానవార్ ఎల్వ్స్ ఆకుపచ్చ మానా ఒక్కటే ఇస్తుంది. అదే మొదటి సంపుటిలోని 'బర్డ్స్ ఆఫ్ ప్యారడైజ్' ఐదు రంగుల్లో ఏదైనా ఇస్తుంది. బలం సున్నా అయినా ఎగురుతుంది. ఈ పక్షి పుట్టుక ముచ్చటైనది. చిత్రకారుడు మార్క్ పూల్ 'ట్రాపికల్ ఐలాండ్' అనే ల్యాండ్ కార్డు కోసం గీసిన బొమ్మలో పక్షి మరీ కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ బొమ్మను ల్యాండ్‌కు వాడకుండా గార్‌ఫీల్డ్ దానికోసం వేరే కార్డే తయారుచేశాడు. ఒకే రంగు డెక్‌కు ఎల్ఫ్ చాలు. మూడు రంగుల డెక్ కట్టినవాడికి పక్షి లేకపోతే చేతిలో కార్డులుండీ ప్రయోగించలేని కష్టం ఎదురవుతుంది.

ఇక అసలు భయం చావు. ల్యాండ్‌ను పాడుచేసే కార్డులు అరుదు, జీవిని చంపేవి కోకొల్లలు. ఒక్క ఎర్ర మానాతో 3 దెబ్బలు వేసే 'లైట్నింగ్ బోల్ట్' కూడా 1993 నుంచీ ఉంది. ఇంత చిన్న జీవి మీద అంత మంచి మంత్రం వాడాలా అని కొత్తవాళ్లు వెనకాడతారు. అనుభవమున్నవాళ్లు మాత్రం పక్షి కనబడగానే బోల్ట్ వేసేయమంటారు. తొలి వంతులో ఆ ఒక్క మానాను ఆపితే ఎదుటివాడి తర్వాతి రెండు మూడు వంతుల ఆలోచనంతా తలకిందులవుతుంది. ఈ భయానికి విరుగుడుగా వచ్చిందే 2013 నాటి 'సిల్వన్ కారియాటిడ్'. ఖర్చు రెండు మానా, ఓర్పు 3, ఎదుటివాడి మంత్రాలు దానికి గురిపెట్టలేవు. ఒక వంతు ఆలస్యమైతే అయింది, ప్రాణానికి భరోసా ఉంటుంది. నలుగురు కూర్చుని 100 కార్డుల డెక్‌లతో ఆడే 'కమాండర్' పద్ధతిలో బల్ల మీది జీవులన్నిటినీ ఒకేసారి తుడిచేసే మంత్రాలు తరచూ పడతాయి. అందుకే అక్కడ చాలామంది మానా జీవి బదులు, డెక్‌లోంచి ల్యాండ్‌ను వెతికి బల్ల మీద పెట్టే 'ర్యాంపంట్ గ్రోత్' లాంటి కార్డుల వైపు మొగ్గుతారు.

దుకాణంలో ధరకూ, ఆటలో విలువకూ పొత్తు కుదరదన్నది కూడా గుర్తుంచుకోవాలి. లానవార్ ఎల్వ్స్‌ను ఎన్నోసార్లు మళ్లీ ముద్రించారు కాబట్టి కొత్త ప్రతి చవకగా దొరుకుతుంది. 1993 మొదటి ముద్రణ ప్రతికి సేకరించేవాళ్లు చెల్లించేది దాని అరుదుతనానికి. ఆటలో రెండూ చేసే పని ఒక్కటే.

ఒక్కో ఎల్ఫ్ విలువ పక్కనున్న ఎల్ఫ్‌ల వల్ల పెరిగే డెక్‌లూ ఉన్నాయి. 1998లో వచ్చిన 'ప్రీస్ట్ ఆఫ్ టైటానియా' బల్ల మీద ఎన్ని ఎల్ఫ్‌లుంటే అన్ని మానాలు ఇస్తుంది. 2008లో బెర్లిన్‌లో జరిగిన 'ప్రో టూర్' పోటీలో లూయిస్ స్కాట్-వర్గాస్ ఎల్ఫ్‌ల డెక్‌తోనే గెలిచాడు. విడిగా చూస్తే ఎవరూ లెక్కచేయని చిన్న జీవులు ఒకదాన్నొకటి లాక్కొస్తూ ఒకే వంతులో బల్ల నింపేసిన డెక్ అది.

మరి డెక్‌లో ఎన్ని పెట్టాలి? 60 కార్డుల్లో నాలుగు ఎల్ఫ్‌లుంటే ఆట మొదట్లో తీసే ఏడు కార్డుల్లో ఒక్కటైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. అదే పని చేసే 'ఎల్విష్ మిస్టిక్' మరో నాలుగు కలిపి ఎనిమిది చేస్తే అది 65 శాతానికి చేరుతుంది. తొలి వంతు ఎల్ఫ్ మీదే ఆధారపడే డెక్‌లు ఎనిమిది పెట్టేది అందుకే. ఎనిమిదికి వెళ్లినవాళ్లు ల్యాండ్లను ఒకటి రెండు తగ్గిస్తారు. లేకపోతే ఆట చివర్లో తీసే ప్రతి కార్డూ మానాయే అయి కూర్చుంటుంది.

ఆ ఏడు కార్డుల్లో ఒకే ల్యాండ్, ఒక ఎల్ఫ్ వస్తే ఆ చేయి (చేతిలోని కార్డులు) ఉంచుకోవాలా, మార్చుకోవాలా అన్నది ఈ ఆటలో ఎడతెగని చర్చ. 24 ల్యాండ్ల డెక్ అనుకుంటే మిగిలిన 53 కార్డుల్లో 23 ల్యాండ్లుంటాయి. ముందు ఆడేవాడు మొదటి వంతులో కార్డు తీయడు కాబట్టి, రెండో వంతుకల్లా ఇంకో ల్యాండ్ దొరికే అవకాశం 43 శాతం. రెండో ఆటగాడికి రెండు కార్డులు తీసే వీలుంది కాబట్టి 68 శాతం. ఈలోగా ఎల్ఫ్ చస్తే ఒక్క ల్యాండ్‌తో చూస్తూ కూర్చోవాలి. రెండో ఆటగాడు, అదీ ఎదుటివాడి డెక్ ఎర్రది కాదని తెలిసినప్పుడు, ఆ చేయి ఉంచుకోవచ్చు. ముందు ఆడేవాడు మార్చుకోవడమే మేలు. 2019 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం మళ్లీ ఏడు కార్డులూ తీసి, వాటిలో ఒకదాన్ని డెక్ అడుగున పెట్టేస్తే సరిపోతుంది.