ముద్ర చెప్పునది, మనము అడుగవలసినది

వంశధార యెడమ కాలువ నీటితో వరి పండు కోటబొమ్మాళి పరిసర గ్రామములయందు, సంక్రాంతి నాటికి కళ్లములు నిండి, ధాన్యము లారీల కెక్కి మిల్లులకు తరలిపోవుచుండగా, ఆ యూళ్లవారే పలువురు దుకాణమునకు పోయి, ఏ పొలమున పండినదో, ఎన్ని నెలలు గోదాములో నిలువయున్నదో తెలియని బియ్యపు సంచిని, దానిపై అచ్చువేసిన పచ్చని ఆకుబొమ్మను చూచి సంతృప్తులై కొని తెచ్చుకొనుట నేడు సర్వసాధారణమైపోయినది. ఆ బొమ్మకును సంచిలోని గింజకును గల సంబంధమెట్టిదో విచారించువారు అరుదు.

ముద్రలన్నియు ఒకే మాట చెప్పవు. 1937 నాటి చట్టము ననుసరించి వచ్చిన ఆగ్‌మార్క్ ముద్ర, నెయ్యియో తేనెయో పసుపో నిర్ణీతమైన శ్రేణికి తగియున్నదనియు, కల్తీ లేనిదనియు చెప్పునే కాని, ఆ పసుపు పండిన మడిలో ఏ యెరువు చల్లిరో, ఏ మందు కొట్టిరో చెప్పదు. ప్రతి పొట్లముపై కనబడు పదునాలుగంకెల ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. సంఖ్య, అమ్మువాడు అనుమతి పొందిన వ్యాపారి యనుటకు మాత్రమే నిదర్శనము. ఇక ‘జైవిక్ భారత్’ అను చిహ్నము, ఆ పంట సేంద్రియ విధానమున పండినదని ధ్రువీకరింపబడినట్లు తెలుపును. సేంద్రియ ఆహారమును గూర్చి 2017లో వెలువడిన నిబంధనలతో ఈ చిహ్నము వాడుకలోనికి వచ్చినది.

ఆ ధ్రువీకరణకు త్రోవలు రెండు. మొదటిది, విదేశములకు ఎగుమతి చేయుటకు కూడ పనికివచ్చు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము. ఇందులో రైతుతో సంబంధము లేని మూడవ సంస్థ యేటేట వచ్చి పొలమును, పద్దులను పరీక్షించును. వరివంటి ఏకవార్షికపు పంటకు రెండేండ్లు, కొబ్బరి, జీడిమామిడి వంటి బహువార్షికములకు మూడేండ్లు పరివర్తన కాలము గడచినగాని పూర్తి ధ్రువపత్రము రాదు. ఖర్చును వ్రాతకోతలును అధికమగుటచే, ఎకరమో రెండెకరములో గల రైతు ఒంటరిగా ఈ త్రోవ త్రొక్కుట దుష్కరము.

రెండవ త్రోవ మన పల్లెలకు మిక్కిలి తగినదని నా దృఢాభిప్రాయము. పి.జి.ఎస్. యని వ్యవహరింపబడు ఈ భాగస్వామ్య హామీ పద్ధతిని కేంద్ర వ్యవసాయ శాఖ 2011లో దేశమంతట ప్రవేశపెట్టినది. ఒకే చోటనుండు రైతులు కనీసము ఐదుగురు సంఘముగా నేర్పడి, రసాయనములు వాడబోమని ప్రతిజ్ఞ చేసి, ఒకరి పొలమును మరియొకరు స్వయముగా పోయి తనిఖీ చేసి, ఎవడు నియమము తప్పెనో ఎవడు నిలిచెనో తామే నిర్ణయింతురు. పరివర్తన దశలోనున్న పంటకు ‘పి.జి.ఎస్. గ్రీన్’, పూర్తియైన దానికి ‘పి.జి.ఎస్. ఆర్గానిక్’ అను ముద్రలు లభించును. గట్టు ప్రక్కవాడు రాత్రివేళ యూరియా చల్లిన సంగతి తెల్లవారునప్పటికి పొరుగు రైతునకు తెలియకపోదు. పట్టణమునుండి ఏడాదికొకమారు వచ్చు పరీక్షకుని కన్నులకది దొరకుట కష్టము. ఈ విధానమునకు బలము ఆ యెఱుకలోనే యున్నది. అయితే పొరుగువాడు మొగమోటమునకు లోబడినచో అదియే బలహీనత కూడ నగును. కావున సంఘము నిజాయితీయే ఇచ్చట ధ్రువపత్రమునకు ప్రాణము.

మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ 2016 నుండి నడపుచున్న ప్రకృతి వ్యవసాయము వేరొక విషయము. ఎకరమునకు పది కిలోల ఆవుపేడ, గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను రెండువందల లీటర్ల నీటిలో కలిపి పులియబెట్టిన ద్రవజీవామృతము దానికి మూలాధారము. ఇంట ఆవున్న రైతునకు ఈ సాగు సులభసాధ్యము. 2024లో ఈ కార్యక్రమమునకు అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారము లభించుట మన రైతులకెల్ల గర్వకారణము. కాని ప్రకృతి సాగు అనునది పద్ధతి, ధ్రువపత్రము కాదు. ఆ రైతు ముద్ర పొందెనా లేదా యనునది విడిగా అడిగి తెలిసికొనవలెను. చిన్న రైతు తన సేంద్రియ పంటను నేరుగా తినువానికే అమ్ముకొనునప్పుడు ధ్రువీకరణ తప్పనిసరి కాదని నిబంధనలే మినహాయింపు నిచ్చినవి. కనుక ముద్ర లేని గంప యెల్ల అనుమానింపదగినది కాదు.

అట్లని సమీపమున పండినదంతయు నిర్మలమని భ్రమపడరాదు. వంకాయ తోటకు మందు కొట్టిన మరునాడే కాయ కోసి సంతకు తెచ్చినచో, అది మన యూరి కాయ యైనను హానికరమే. మందు కొట్టుటకును కోతకును నడుమ విడువవలసిన దినముల లెక్క సాధారణముగా మందు డబ్బాపైన వ్రాసియుండును. “మావా, ఈ వంకాయలకి ఆఖర్న మందెప్పుడు కొట్టినారేటి?” అని అడుగుటకు సంకోచింపనక్కఱలేదు. మడి యెచ్చటనున్నదో, కోత యెన్నడైనదో, విత్తనము తనదో కొన్నదో అడిగిన రైతు కోపగింపడు; పలువురు సంతోషముతో చెప్పుదురు. దూరపు దుకాణములో ఈ ప్రశ్నకు బదులు చెప్పువాడుండడు గనుకనే ముద్ర అవసరమగుచున్నది.

స్థానికముగా కొనుటలో రుచిని, ఆరోగ్యమును మించిన బాధ్యత మరియొకటి గలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు, నాటిన మొక్క మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టునని తెలిసియు నేల విడువని రైతులు మన పొరుగువారే; వారి పంట కొని అండగా నిలుచుటయే ఆ బాధ్యత. చోళ్లు, గంటెలు, మినుములు, నువ్వులు ఈ నేలలో పండుచుండగా వానిని దూరమునుండి తెప్పించుకొనవలసిన పనిలేదు. ఈ సంక్రాంతికి, మీ యూరి చుట్టుప్రక్కల ఐదుగురు రైతులు కలిసి పి.జి.ఎస్. సంఘమేర్పరచియున్నచో, ఏడాది బియ్యము వారివద్దనే కొనుడు. ఏర్పరపనిచో, అట్టి సంఘము కట్టుకొనుడని మీ వ్యవసాయ సహాయకుని సమక్షమున వారిని కోరుడు.