ఆత్మ గురించి అందరూ చెప్పింది ఒకటేనా?

ఎవరైనా పోయారని తెలియగానే వాట్సాప్ గ్రూపులో ఒకే వాక్యం వరసగా వచ్చి పడుతుంది: వారి ఆత్మకు శాంతి చేకూరాలి. వీధి మలుపులో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీదా అదే మాట. పోయినవారు వైష్ణవులైనా, క్రైస్తవులైనా, దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టులైనా తేడా లేదు. ఆ మాట వెనక ఉన్న ప్రేమను తప్పుపట్టను. కానీ వినగా వినగా మనకో నమ్మకం స్థిరపడిపోయింది. ఆత్మ అంటే ఏమిటో అందరికీ తెలుసనీ, దాని గురించి మతాలన్నీ చెప్పేది ఒక్కటేననీ. ఈ ప్రశ్న మీద జీవితాలు ధారపోసి వాదించుకున్న మహానుభావులకు ఇంతకు మించిన అన్యాయం లేదు. వాళ్ళు ఎక్కడ విడిపోయారో తెలుసుకోవడమే వాళ్ళకు మనమిచ్చే గౌరవం.

అపోహ: చనిపోయాక ఇంటి చుట్టూ తిరిగేది ఆత్మ.

సినిమాలు బాగా నాటిన మాట ఇది. మన అపరకర్మల సంప్రదాయం మాత్రం ఆ దశలో ఉన్న జీవుణ్ణి ప్రేత అంటుంది. దహనంతో దేహం పోయిన ఆ జీవుడికి మరో శరీరం ఏర్పడాలనే కర్త పది రోజులూ పిండాలు పెడతాడు. మొదటి రోజు పిండంతో తల ఏర్పడుతుందనీ, పదో రోజుకు ఆకలిదప్పులు కలుగుతాయనీ గరుడ పురాణం చెబుతుంది. పన్నెండో రోజు సపిండీకరణం. ప్రేత పేరిట పొడుగ్గా చేసిన పిండాన్ని మూడు భాగాలు చేసి, పోయినవారి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. అప్పటినుంచి వారు ప్రేత కాదు, పితృదేవతల్లో ఒకరు. అన్నం ముద్దల్ని చేత్తో కలిపి మనిషిని పూర్వీకుల పంక్తిలో చేర్చే ఈ క్రియను దగ్గరగా చూసినవాళ్ళు మరిచిపోలేరు.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి బోధించిన ఆత్మ సంగతి వేరు. అది పుట్టదు, చావదు. అద్వైతుల లెక్కన లోకాల మధ్య తిరిగేది సూక్ష్మ శరీరమే. ఆత్మకు రాకపోకలు లేవు, శాంతి లేకపోవడమూ లేదు.

అపోహ: జీవాత్మ, పరమాత్మ ఒకటేనన్నది హిందువులందరి సిద్ధాంతం.

అది శంకరుల అద్వైతం. రామానుజులకు జీవుడు అణువంతవాడు, భగవంతుడికి శరీరం లాంటివాడు, మోక్షంలోనూ ఆయన సేవలోనే ఉంటాడు. మధ్వాచార్యులకు జీవుడికీ దేవుడికీ ఉన్న భేదం శాశ్వతం, ఒక జీవుడికీ ఇంకో జీవుడికీ ఉన్న భేదమూ అంతే. ముగ్గురూ భాష్యం రాసింది అవే బ్రహ్మసూత్రాలకు. సాంఖ్యులు పురుషులు, అంటే ఆత్మలు, అనేకమన్నారు, ఈశ్వరుడి ప్రసక్తి లేకుండానే దర్శనాన్ని నిలబెట్టారు. చార్వాకులకైతే దేహమే ఆత్మ.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల మాట వీటన్నిటికన్నా సాహసం. ఆత్మ సర్వవ్యాపి అంటారు వాళ్ళు, కానీ ఎరుక దాని స్వభావం కాదు. మనస్సుతో కలిసినప్పుడే ఆత్మలో జ్ఞానం పుడుతుంది. మోక్షంలో ఆ సంబంధం తెగిపోతుంది కనుక అక్కడ దుఃఖం ఉండదు. సుఖమూ ఉండదు, ఎరుకా ఉండదు. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి మూలకర్త అయిన శ్రీహర్షుడు ఈ మోక్షం రాయిగా మారడమేనని ఒక చార్వాకుడి నోట ఎగతాళి చేయించాడు. నైయాయికులు వెనక్కి తగ్గలేదు. నిత్యసుఖం దొరుకుతుందనే ఆశతో మోక్షం కోరితే ఆ ఆశే బంధమవుతుందని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ముందే చెప్పి ఉన్నాడు. ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టమే, కానీ మోక్షాన్ని కూడా లాభంగా చూడొద్దన్న ఆ నిజాయితీకి నమస్కరించకుండా ఉండలేను.

అపోహ: ఆత్మకు పరిమాణం ఉండదని అందరూ ఒప్పుకున్నారు.

జైనులు ఒప్పుకోలేదు. జీవుడు ఏ దేహంలో ఉంటే ఆ దేహమంత ఉంటాడనీ, ఏనుగులో విస్తరించి చీమలో కుంచించుకుపోతాడనీ వాళ్ళ సిద్ధాంతం. జీవుడికి అంటుకునే కర్మ కూడా వాళ్ళకు సూక్ష్మమైన పదార్థమే.

అపోహ: ఆత్మ లేదన్న బుద్ధుడు పునర్జన్మనూ కాదన్నాడు.

సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన రెండో బోధలో బుద్ధుడు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాలను ఒక్కొక్కటిగా చూపించి, ఇది నేను కాదు, నాది కాదు అని తేల్చాడు. పునర్జన్మను మాత్రం తీసేయలేదు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపంలోంచి ఏదైనా వస్తువు రెండోదానిలోకి వెళ్ళిందా అని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడుగుతాడు. వెళ్ళలేదు, అయినా వెలుగు సాగింది. పునర్జన్మ అలాంటిదన్నాడు.

వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉందా అని అడిగితే బుద్ధుడు మాట్లాడలేదు. పోనీ, లేదా అని అడిగితే అప్పుడూ మాట్లాడలేదు. అతను లేచి వెళ్ళిపోయాక ఆనందుడు కారణం అడిగాడు. ఉందంటే శాశ్వతవాదుల పక్షం చేరినట్టవుతుంది, లేదంటే చావుతో అంతా పోతుందనే ఉచ్ఛేదవాదుల పక్షం చేరినట్టవుతుంది, పైగా అసలే తికమకలో ఉన్న మనిషి ఇంతకుముందు ఉన్న ఆత్మ ఇప్పుడు పోయిందని ఇంకా కలవరపడతాడు అన్నాడు బుద్ధుడు. ఎదుటి మనిషి ఎంతవరకు తట్టుకోగలడో చూసి మౌనం పాటించిన గురువు ఆయన.

బౌద్ధులంతా ఒకే మాట మీద లేరు. స్థిరమైన వ్యక్తి ఎవరూ లేకపోతే కర్మఫలం అనుభవించేదెవరని వాత్సీపుత్రీయులు నిలదీశారు. స్కంధాల కన్నా వేరనీ చెప్పలేని, అవేననీ చెప్పలేని పుద్గలుణ్ణి ప్రతిపాదించారు. మన కృష్ణా తీరంలో నాగార్జునకొండ శాసనాలు చూస్తే అపరమహావినశైలీయులు, మహీశాసకులు, బహుశ్రుతీయులు ఒకే లోయలో వేర్వేరు ఆరామాల్లో ఉండేవారని తెలుస్తుంది. సంప్రదాయం ఆ కొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో బుద్ధులు ఆత్మ ఉందనీ బోధించారు, లేదనీ బోధించారు, ఆత్మా అనాత్మా రెండూ లేవనీ బోధించారు అంటాడు.

అపోహ: ఆత్మ స్వర్గానికి చేరడమే క్రైస్తవుల చివరి ఆశ.

దేహమనే చెరలోంచి ఆత్మ విడుదలవుతుందన్నది ప్లేటో తన ఫీడో సంభాషణలో సోక్రటీసు చేత చెప్పించిన మాట. క్రైస్తవ విశ్వాస ప్రమాణం చెప్పేది శరీర పునరుత్థానాన్ని. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకా తెగేసి చెప్పాడు. నా ఆత్మ ఒక్కటీ రక్షణ పొందితే నేను రక్షణ పొందినట్టు కాదని ఆయన వాదం, దేహం లేకుండా మనిషి పూర్తి కాడు కనుక. నవంబర్ 2న సమాధుల పండుగకు మన ఊళ్ళలో సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలను చూస్తే ఆ దేహానికి ఇచ్చే విలువ కనిపిస్తుంది. ఇస్లాంలోనూ ప్రళయదినాన దేహంతోనే లేపబడతారు. రూహ్ (ఆత్మ) గురించి అడిగినవారికి అది ప్రభువు ఆజ్ఞకు చెందినదనీ, మనుషులకు ఇచ్చిన జ్ఞానం కొద్దిపాటిదనీ ఖురాన్ జవాబిస్తుంది.

అపోహ: ఆత్మ బరువు 21 గ్రాములని సైన్స్ తేల్చింది.

అమెరికాలోని హేవర్‌హిల్‌లో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టర్ చావుకు దగ్గరైన రోగుల మంచాలను తూకం మీద పెట్టి చూశాడు. 1907లో ఫలితాలు ప్రచురించాడు. చూసింది ఆరుగురినే. అందులో ఇద్దరి లెక్కలు ఆయనే పక్కన పెట్టాడు, మిగిలినవి ఒకదానితో ఒకటి కలవలేదు. ఔన్సులో ముప్పావు, అంటే సుమారు 21 గ్రాములు తగ్గింది మొదటి రోగికి మాత్రమే. 15 కుక్కల మీద చేస్తే ఏమీ తగ్గలేదు. ఆగస్టస్ క్లార్క్ అనే ఇంకో డాక్టర్ వెంటనే అభ్యంతరం చెప్పాడు: ఊపిరి ఆగితే ఊపిరితిత్తులు రక్తాన్ని చల్లబరచలేవు, ఒళ్ళు వేడెక్కి చెమట పట్టి బరువు తగ్గుతుంది, కుక్కలకు అలా చెమట పట్టదు. ఆ అంకెను 2003లో వచ్చిన హాలీవుడ్ సినిమా పేరు మళ్ళీ బతికించింది.

అపోహ: తూర్పువాళ్ళది ఆత్మ, పడమటివాళ్ళది దేహం.

చార్వాకులు మనవాళ్ళే. దేహం వేరు, ఆలోచించే నేను వేరు అని గట్టిగా గీత గీసిన డెకార్ట్ ఫ్రాన్సువాడు. 1643 మేలో బొహీమియా యువరాణి ఎలిజబెత్, అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు, ఆయనకు ఉత్తరం రాసింది. చోటు ఆక్రమించని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుంది అని అడిగింది. డెకార్ట్ జవాబులు ఆమెకు తృప్తినివ్వలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. 1739లో వచ్చిన తన గ్రంథంలో డేవిడ్ హ్యూమ్ తనలోకి తాను ఎంత చూసుకున్నా ఏదో ఒక వేడి, చలి, ప్రేమ, ద్వేషం తగులుతున్నాయే తప్ప వాటికి యజమాని కనబడలేదన్నాడు. స్కంధాల బోధ తెలిసినవారికి ఇది పరిచయమైన దారే. మరుసటి ఏడాది అదే గ్రంథానికి అనుబంధం రాస్తూ, విడివిడి అనుభవాలను ఒక మనిషిగా కలిపేది ఏమిటో తాను చెప్పలేకపోతున్నానని ఒప్పుకున్నాడు. వాత్సీపుత్రీయులు పుద్గలుణ్ణి తెచ్చిపెట్టింది ఆ చిక్కు దగ్గరే.