నిప్పురవ్వకు ముహూర్తం

పాత అంబాసిడర్ ఘాట్‌రోడ్డు మీద ఆయాసపడితే యజమాని మొదట అనుమానించేది కార్బ్యురేటర్‌ను, తర్వాత రేడియేటర్‌ను. అసలు లోపం చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే ఒక్క బోల్టు దగ్గర ఉంటుంది. దాన్ని వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా తిప్పితే బండి తీరే మారిపోతుంది, బాగుపడటానికైనా పాడవడానికైనా.

సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం ఒక్కసారిగా పేలదు, మండుతూ వ్యాపిస్తుంది. అందుకు కొంత వ్యవధి కావాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో సెకనులో వెయ్యోవంతు గడిచేసరికి క్రాంక్ 18 డిగ్రీలు కదిలిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్ దగ్గర రవ్వ పుట్టాలి. మరీ ముందు పుడితే గులకరాళ్లు కదిపినట్టు నాకింగ్ మొదలవుతుంది. పట్టించుకోకుండా నడిపితే పిస్టన్‌కు చిల్లు పడవచ్చు. ఆలస్యమైతే మాత్రం చప్పుడేమీ ఉండదు. ఇంజన్ వేడెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి. చెవికి వినిపించదు కాబట్టి ఈ రెండో తప్పు ఏళ్ల తరబడి సాగిపోతుంది.

దీనికో చరిత్ర ఉంది. పెట్రోలులో కిరోసిన్ కలిపే రోజుల్లో నాకింగ్ ఆపడానికి మెకానిక్ చేతిలో ఉన్న సులువైన ఉపాయం టైమింగ్‌ను వెనక్కి జరపడమే. ఇంధనం మారినా ఆ అమరిక అలాగే ఉండిపోయిన బండ్లు ఉన్నాయి.

ఇంధనం మారిన తీరు కూడా చిత్రమే. మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను చాలామంది 'డెల్కో' అంటారు. అది 1909లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ స్థాపించిన కంపెనీ పేరు. పాత కార్ల ఇగ్నిషన్‌కు మూలపురుషుడు ఆయనే. 1921లో ఆయన నడిపిన జనరల్ మోటార్స్ పరిశోధనశాలలోనే, పెట్రోలులో సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని థామస్ మిడ్గ్లీ కనిపెట్టాడు. ఆ విషాన్ని భారత్ 2000 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా వదిలించుకుంది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. మాన్యువల్‌లోని డిగ్రీల అంకె మాత్రం ఏనాటి పెట్రోలుకో రాసింది.

సరిచేసే చేతులూ తగ్గుతున్నాయి. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ముంబైలో చివరి పద్మిని టాక్సీకి 2023 అక్టోబరులో ఇరవై ఏళ్ల గడువు తీరింది. కొత్త కార్లలో ఈ పనంతా కంప్యూటరే చూసుకుంటుంది.

పని కష్టమైనదేం కాదు, ఓపిక కావాలంతే. అంబాసిడర్ 1,489 సీసీ ఇంజన్‌లో ముందు పాయింట్ల మధ్య సందును 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పెట్టాలి. టైమింగ్ పెట్టాక సందు మారిస్తే టైమింగ్ కూడా మారిపోతుంది. తర్వాత మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా పుల్లీ మీది గాటును గుర్తుకు ఎదురుగా తెచ్చి, పాయింట్లకు చిన్న బల్బు తగిలించి, అది వెలిగే చోట డిస్ట్రిబ్యూటర్‌ను బిగించాలి. ఇంజన్ నడుస్తుండగా వాక్యూమ్ గొట్టం తీసి టైమింగ్ లైటుతో మరోసారి చూడాలి.

చివరి పరీక్ష రోడ్డు మీదే. ఎత్తు ఎక్కుతూ టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు క్షణంపాటు వినిపించి ఆగిపోవాలన్నది పాతవాళ్ల లెక్క. ఇథనాల్ నాకింగ్‌ను అణచివేస్తుంది కాబట్టి టైమింగ్ ముందుకు జరిగిపోయినా ఇప్పుడు ఆ చప్పుడు రాకపోవచ్చు. పైగా పాత జెట్లున్న కార్బ్యురేటర్‌లో ఇథనాల్ వల్ల మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. అది డిస్ట్రిబ్యూటర్ తిప్పితే తీరే జబ్బు కాదు, జెట్లు మార్చాలి.