మౌనంగా ఉందంటే... బాగున్నట్టేనా?

'సర్వర్ డౌన్... తర్వాత రండి!' బ్యాంకులో ఈ మాట వినని వారుండరు. నింద సర్వర్‌దే కానీ కొన్నిసార్లు అసలు జబ్బు మరోచోట ఉంటుంది. మూలన గోడకు బిగించిన పెట్టెలో పచ్చ దీపాలతో మిణుకుమిణుకుమనే నెట్‌వర్క్ స్విచ్‌లో! ఆఫీసులోని కంప్యూటర్లన్నింటినీ కేబుళ్లతో కలిపే కూడలి అదే. అది ఆగితే ఎక్కడి పని అక్కడే.

ఊరూరా శాఖలున్న సంస్థ ప్రతి స్విచ్ పక్కనా ఓ మనిషిని కూర్చోబెట్టలేదు కదా! అందుకే స్విచ్‌కే మాటలు నేర్పారు. 1988లో వచ్చిన ఎస్ఎన్ఎంపీ అనే ప్రొటోకాల్ ఆ భాష. వేర్వేరు కంపెనీల స్విచ్‌లు దూరాన ఉన్న పర్యవేక్షణ కంప్యూటర్‌కు తమ బాగోగులు ఈ భాషలో చెప్పుకోగలవు.

అడిగితే ఒకటి... అడక్కుండా ఒకటి

అందుకు రెండు పద్ధతులు. మొదటిది పోలింగ్. కొన్ని నిమిషాలకోసారి కంప్యూటరే స్విచ్‌ను పలకరిస్తుంది. ఏ పోర్టు పనిచేస్తోంది, రద్దీ ఎంత, లోపల వేడెంత... అన్నీ ఆరా తీస్తుంది. రెండోది ట్రాప్. లింకు తెగినా, ఫ్యాను ఆగినా స్విచ్ తనంతట తానే కబురు పెడుతుంది. చిక్కేమిటంటే, ట్రాప్ చేరినట్టు రసీదు రాదు. పైగా కరెంటు పోయి స్విచ్చే ఆగిపోతే కబురు పెట్టే అవకాశం ఉండకపోవచ్చు. అందుకే రెండూ కావాలి.

'నాన్నా... పులి!'

రద్దీ 80 శాతం దాటితే అలారం మోగాలని పెట్టారనుకుందాం. అది 79కీ 81కీ మధ్య ఊగుతుంటే మోతే మోత! నాలుగు రోజులకు సిబ్బంది పట్టించుకోవడం మానేస్తారు. 'నాన్నా పులి' కథే. ఆ తర్వాత నిజంగా పులి వచ్చినా అంతే!

దీనికి 1991లో వచ్చిన ఆర్‌మాన్ ప్రమాణంలో మంచి ఉపాయం ఉంది. గీతలు రెండు గీయాలి. 80 దాటితే ఒక్కసారి మోగుతుంది. మళ్లీ 60కి దిగేదాకా మాట్లాడదు. అయితే ఈ అంకెలు అందరికీ ఒకటే కావు. మామూలు రోజుల్లో రద్దీ ఎంతో కొన్ని వారాలు గమనించాకే గీత గీయాలి. అలాగే ఉద్యోగి సాయంత్రం కంప్యూటర్ కట్టేసినా స్విచ్‌కు లింకు తెగినట్టే. కాబట్టి ఆ అలారం సర్వర్లకూ ఇతర స్విచ్‌లకూ వెళ్లే పోర్టులకే పెట్టడం మేలు.

అలారమే మూగబోతే..?

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ కెనడాలోని ఆంటారియోలోనూ దాదాపు 5 కోట్ల మంది చీకట్లో మగ్గారు. దానికి ఒక కారణం... ఒహాయోలోని ఓ విద్యుత్ సంస్థ కంట్రోల్‌రూములో అలారం సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం! ఆ సంగతి గంటకు పైగా సిబ్బందికి తెలియలేదు. మోత లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

నెట్‌వర్క్‌కూ ఇదే పాఠం. అప్పుడప్పుడూ, పనికి ఇబ్బంది లేని వేళ చూసుకుని, ఓ కేబుల్ ఊడదీసి చూడాలి. అలారం మోగిందా? మోగితే ఎవరి ఫోనుకు వెళ్లింది? ఆ నంబరు ఎప్పుడో ఉద్యోగం మానేసిన వారిది కాదు కదా!