పని పోయిన వారికి ఇ.ఎస్.ఐ. భృతి: పొందే విధానం

మన సంఘాలలో పాలు పోసే కుటుంబాలు చాలావరకు రెండు రాబడుల మీద నడుస్తున్నవి. ఒకటి పాడి. రెండవది, ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకో కోడలో ఇంటికి తెచ్చే జీతం. ఆ జీతం ఆగితే ముందు దాణా తగ్గుతుంది, తరువాత పాలు తగ్గుతవి, చివరకు గేదెను సంతకు తోలవలసి వస్తుంది. అంతవరకు రాకముందే, పని పోయిన మనిషికి రావలసిన భృతి ఉన్నదేమో విచారించుకోవడం మంచిది.

ఎవరికి వర్తిస్తుంది?

మన దేశంలో పనిలేని ప్రతివారికీ భృతి ఇచ్చే ఏర్పాటు లేదు. ఇ.ఎస్.ఐ. చందా కట్టిన కార్మికులకు మాత్రం ఉన్నది. నెల జీతం 21,000 రూపాయలు మించని కార్మికుని జీతంలో నూటికి 75 పైసలు కోస్తారు. యజమాని నూటికి 3 రూపాయల 25 పైసలు కలిపి కట్టవలెను. పాలు పోసే సభ్యులు జీతగాళ్ళు కారు గనుక వారికి ఇది వర్తించదు. ఫ్యాక్టరీలో గాని, పాల శీతలీకరణ కేంద్రంలో గాని కంట్రాక్టరు కింద పనిచేసే వారికి కూడా చందా కట్టి ఉంటే వర్తిస్తుంది.

ఎంత వస్తుంది?

2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన మొదలైనది. మొదట సగటు రోజు జీతంలో నాలుగవ వంతు ఇచ్చేవారు. 2020లో దానిని సగానికి పెంచారు. జీవితకాలంలో 90 రోజులకు మించి ఇవ్వరు.

లెక్క ఇట్లా వేస్తారు: వెనుకటి రెండేళ్ళ మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. ఆ జీతం 2,92,000 రూపాయలైతే రోజుకు 400. అందులో సగం 200. 90 రోజులకు 18,000 రూపాయలు.

దీనికి అర్హత: రెండేళ్ళు బీమా ఉద్యోగంలో ఉండవలెను. చందా లెక్కకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి మరొకటి. పని పోవుటకు ముందరి అర్ధ సంవత్సరంలో 78 రోజులు, అంతకు వెనుకటి మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా జమ అయి ఉండవలెను.

ఫ్యాక్టరీ మూతపడినా, చట్ట ప్రకారం రిట్రెంచిమెంటు జరిగినా, 2005 ఏప్రిల్ 1 నుంచి అమలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన మరొకటి ఉన్నది. అందులో మొదటి 12 నెలలు సగం జీతం, తరువాతి 12 నెలలు నాలుగవ వంతు ఇస్తారు.

ఎక్కడ చిక్కు వస్తుంది?

కేంద్రంలో పాలు పోసి, కొలత, వెన్న శాతం పుస్తకంలో సరిగా రాశారో లేదో చూసుకోని సభ్యుడు బిల్లు రోజున వాదించి లాభం లేదు. చందా కూడా అంతే. జీతంలో కోత కోసినంత మాత్రాన జమ అయినట్లు కాదు. రోజులు తక్కువగా నమోదైతే అర్హతే పోవచ్చు. జీతం తక్కువగా నమోదైతే భృతి తగ్గుతుంది. అందుచేత పనిలో ఉండగానే ఆరు నెలలకొకసారి చూసుకోవలెను.

రెండవది, తీసివేసేటప్పుడు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటారు. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగించబడిన వారికి, స్వచ్ఛందంగా విరమించిన వారికి ఈ భృతి లేదు. కాబట్టి చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయరాదు. పని లేక తీసివేసినట్లు రాతమూలకంగా అడిగి తీసుకొనవలెను.

చేయవలసిన పనులు

1. బీమా నంబరు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉన్నదో లేదో చూసుకొనవలెను.

2. జీతం చీటీలు, తొలగింపు ఉత్తరం భద్రపరచవలెను.

3. పని పోయిన 30 రోజుల తరువాత ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో గాని, ఆన్‌లైన్‌లో గాని దరఖాస్తు చేయవలెను. సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

4. అటల్ పథకం గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వచ్చారు గనుక ప్రస్తుత గడువును శాఖా కార్యాలయంలో అడగవలెను.

యజమాని ఇవ్వవలసిన పరిహారం దీనికి వేరు. ఏడాది నిండిన కార్మికుని రిట్రెంచి చేస్తే నెల నోటీసు లేదా ఆ జీతం, నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చట్టరీత్యా రావలెను.

సంఘ కార్యదర్శులు ఈ వివరాలను పాల సేకరణ వేళలో సభ్యులకు చదివి వినిపించగోరుచున్నాము.