గిటార్ కొత్తగా నేర్చుకునేవారికి ‘ఫాదర్ అండ్ సన్’

గిటార్ నేర్చుకునేవారు మొదట్లోనే పట్టుకునే పాత ఇంగ్లీషు పాటల్లో ‘ఫాదర్ అండ్ సన్’ ఒకటి. 1970లో క్యాట్ స్టీవెన్స్ రాసి పాడిన పాట ఇది. ఎక్కువ భాగం జీ, డీ, సీ, ఏ మైనర్, ఈ మైనర్ కార్డ్స్‌తోనే నడుస్తుంది. పాట నెమ్మదిగా సాగుతుంది కాబట్టి వేళ్లు మార్చుకోవడానికి టైం దొరుకుతుంది.

రష్యా విప్లవం నేపథ్యంలో అనుకున్న ఒక సంగీత నాటకం కోసం ఈ పాట పుట్టింది. విప్లవంలో చేరతానంటాడు కొడుకు, తొందరపడొద్దంటాడు తండ్రి. ఇద్దరి మాటలూ ఆయనే పాడారు. తండ్రికి కింది స్వరం, కొడుక్కి పై స్వరం.

1977లో ఆయన ఇస్లాం స్వీకరించారు. యూసుఫ్ ఇస్లాంగా పేరు మార్చుకుని, గిటార్లు వేలం వేసి, పాటలు మానేశారు. సంగీతం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి తెలిసిందే. చాలా ఏళ్ల తర్వాత కొడుకు ఇంటికి గిటార్ తెచ్చాడు. దాన్ని చేతిలోకి తీసుకున్న తండ్రి మళ్లీ పాటల వైపు మళ్లారు. 2006లో కొత్త ఆల్బమ్ వచ్చింది.

2020లో ఇదే పాటను మళ్లీ విడుదల చేశారు. అందులో కొడుకు గొంతు 1970 నాటి ఆయనది. తండ్రి గొంతు 70 దాటిన ఆయనది. యాభై ఏళ్ల కిందటి కొడుక్కి ఇప్పుడు ఆయనే తండ్రిగా జవాబు చెప్తున్నారు.